ఎన్ని స్క్రూలున్నాయో ముందు లెక్కపెట్టండి

పాత రివాల్వర్ల సేకరణ అనగానే చాలామంది ఆలోచన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ మీదికో, 1935లో స్మిత్ అండ్ వెసన్ తీసుకువచ్చిన తొలి .357 మ్యాగ్నమ్ మీదికో పోతుంది. అవి అందమైనవే గాని, వాటి ధరలు నెలజీతం మీద బతికేవారికి అందవు, పైగా ఖరీదు పెరిగినకొద్దీ మాయ సరుకూ పెరుగుతుంది. నేను నా సేకరణను ఒకే వంశానికి పరిమితం చేసుకున్నాను. అది 1899లో స్మిత్ అండ్ వెసన్ వారి దగ్గరే మిలిటరీ అండ్ పోలీస్ అన్న పేరుతో మొదలై, 1957లో మోడల్ 10 అనిపించుకుని, అమెరికన్ పోలీసుల నడుముకు దశాబ్దాల పాటు వేలాడిన, .38 స్పెషల్ అనే తూటాను పేల్చే రివాల్వరు. లక్షల సంఖ్యలో తయారైంది కాబట్టి టెక్సస్‌లోని ఆయుధ ప్రదర్శనల్లో దీన్ని బల్ల చివర, పెద్దగా ఎవరూ చూడనిచోట పెడతారు. అయినా ఒక యంత్రం ఎప్పుడు, ఎందుకు మారిందో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి వస్తువు నాకు కనబడలేదు. దీని రకాలను బట్టీ పట్టనక్కరలేదు. ఒక్కొక్క మార్పు వెనుక ఉన్న ఇబ్బంది ఏమిటో తెలిస్తే ఆ రకం దానంతటదే గుర్తుంటుంది.

1899 నాటి తొలి నమూనాలో సిలిండరు ఎడమవైపుకు తెరుచుకుంటుంది. పేలిన తూటాల ఖాళీ గుల్లలను బయటికి నెట్టే కడ్డీ ముందు కొనకు ఏ ఆధారమూ ఉండదు. అంటే సిలిండరు మూసినప్పుడు దానిని వెనుకవైపు మాత్రమే పట్టి ఉంచేవారు. ఈ బలహీనతను సరిచేస్తూ 1902లో బ్యారెల్ కింద ఒక చిన్న దిమ్మను చేర్చి, కడ్డీ కొన అందులో చిక్కుకునేలా చేశారు. కాబట్టి బ్యారెల్ కింద దిమ్మ లేకుండా కడ్డీ ఒంటరిగా కనిపిస్తే, అది తొలి మూడు నాలుగేళ్ల సరుకని పిడి అడుగున ఉన్న నంబరు చదవకముందే తెలిసిపోతుంది. 1905 నమూనాతో ట్రిగ్గరు గార్డుకు ముందు మరో స్క్రూ వచ్చి చేరింది. సిలిండరును ఆపే మీటను నెట్టే స్ప్రింగును పట్టి ఉంచడం దాని పని. లోపలి భాగాలను కప్పే కుడివైపు పలకకు ఉన్న నాలుగూ, ఇదొకటీ కలిపి ఐదు కనుక, ఈ కాలపు రివాల్వర్లను సేకరణదారులు ఫైవ్ స్క్రూ అంటారు. పలకకున్న నాలుగింటిలో ఒకటి సాధారణంగా పిడి చెక్క కింద దాగి ఉంటుంది గనుక, పైకి మూడే కనబడ్డాయని తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదు. పలక పైభాగంలోని స్క్రూను 1955 ప్రాంతంలో తీసివేశారు, గార్డు ముందున్నది 1960ల ఆరంభంలో పోయింది. ఐదు, నాలుగు, మూడు అన్న ఈ లెక్క ఒక్కటే ముప్పాతిక వంతు కాలనిర్ణయం చేసిపెడుతుంది.

ఈ వంశం మొత్తంలో నాకు అత్యంత ఆసక్తి కలిగించేది రెండవ ప్రపంచయుద్ధ కాలపు విక్టరీ మోడల్. సీరియల్ నంబర్లు పది లక్షలకు చేరుకోవడంతో 1942లో మళ్లీ మొదటి నుండి లెక్క ప్రారంభించి, నంబరుకు ముందు విజయానికి గుర్తుగా వి అన్న అక్షరం చేర్చారు. మెరిసే నీలిపూతకు బదులు మసక నలుపు పూత, గీతలు చెక్కని నున్నటి వాల్‌నట్ పిడి, అడుగున తాడు కట్టుకునే రింగు దీని గుర్తులు. అమెరికన్ దళాలకు వెళ్లినవి ఎక్కువగా నాలుగు అంగుళాల బ్యారెల్‌తో .38 స్పెషల్ తూటాకు, బ్రిటన్‌కూ దాని కామన్‌వెల్త్ దేశాలకూ వెళ్లినవి ఐదు అంగుళాల బ్యారెల్‌తో .38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాకు తయారయ్యాయి. బ్రిటిష్ రకం ఐదు లక్షలకు పైగా తయారైంది.

కొత్తగా కొనేవారు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అమ్ముడైన బ్రిటిష్ రివాల్వర్లను ఎందరో వ్యాపారులు బ్యారెల్ పొట్టిగా కోసి, .38 స్పెషల్ పట్టేలా సిలిండరులో తూటాలు కూర్చునే గదులను లోతుగా తొలిచి, నికెల్ పూత పూసి తిరిగి అమ్మారు. స్పెషల్ తూటా పొడవైనది, సన్ననిది. పాతదైన .38 ఎస్ అండ్ డబ్ల్యూ పొట్టిది, కొంచెం లావు. గదిని లోతు చేయగలరు గాని, ఉన్న వెడల్పును తగ్గించలేరు కదా! అందుకే ఇలాంటి వాటిలో పేల్చిన ఇత్తడి గుల్లలు అడుగుభాగంలో ఉబ్బి, కొన్నిసార్లు చీలిపోతాయి. బ్యారెల్ మీద బర్మింగ్‌హామ్ పరీక్షాశాల ముద్రలతో పాటు 767 అన్న అంకె కనిపిస్తే, పాత తూటా గుల్ల పొడవును అంగుళంలో వెయ్యో వంతులలో చెప్పే ఆ అంకె ఆ రివాల్వరు మొదట ఏ తూటాకు పుట్టిందో చెబుతుంది. పక్కన ఎవరు .38 స్పెషల్ అని చెక్కినా దాన్ని నమ్మనక్కరలేదు.

విక్టరీలోనే మరో విభజన ఉంది. 1944 చివర్లో నౌక మీద ఒక రివాల్వరు కిందపడి పేలి నావికుడొకరు మరణించారు. సుత్తిని అడ్డుకోవలసిన లోపలి భాగం, గట్టిపడిన గ్రీజులో ఇరుక్కుని తన పని చేయలేదని తేలింది. కంపెనీ వెంటనే స్ప్రింగు మీద ఆధారపడని కొత్త అడ్డుకడ్డీని రూపొందించి, అది ఉన్నవాటికి ఎస్ అక్షరాన్ని జోడించింది. ఎస్‌వి నంబర్లకు కొందరు అదనపు ధర అడగడం సమంజసమే, ఎందుకంటే నేటికీ వాడుకలో ఉన్న భద్రతా ఏర్పాటుకు అదే ఆరంభం.

మోడల్ నంబర్ల తరువాత వచ్చే అడ్డగీత అంకెలు కూడా ఇలాంటివే. 1959లోని 10-1 బరువైన బ్యారెల్‌కు గుర్తు. 1961లోని 10-2 గుల్లలను నెట్టే కడ్డీ మరను, అంటే దాన్ని తిప్పి బిగించే చుట్టుగాడిని, ఎడమచేతివాటానికి మార్చినందుకు గుర్తు. ఎదురు గడియార దిశలో తిరిగే సిలిండరుకు కుడిచేతివాటం మర ఉంటే, వాడకంలో కడ్డీ మెల్లగా వదులై ముందుకు జరిగి, సిలిండరును తెరవనీయకుండా బిగించేస్తుంది. పోలీసు చేతిలో అది ఎంతటి ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఈ నంబర్లు సిలిండరు తెరిస్తే కనబడే ఫ్రేము భాగంలో ఉంటాయి. తరువాతి అంకెలను ఇక్కడ వల్లించను, వాటిలో చాలా వరకు నావంటి వారికి తప్ప ఎవరికీ నిద్ర పట్టకుండా చేసేవి కావు.

రకం తేలాక చూడవలసింది అసలుతనం. పిడి అడుగునా, సిలిండరు వెనుక ముఖాన, బ్యారెల్ కిందా ఉన్న నంబర్లు ఒకటై ఉండాలి. ఈ కంపెనీ సుత్తికీ ట్రిగ్గరుకూ నీలిపూత పూయదు, వాటిని రంగురంగుల మరకలు తేలేలా పైపొర గట్టిపరచి వదిలేస్తుంది. అవి కూడా నల్లగా నిగనిగలాడుతుంటే ఎవరో మళ్లీ పూత పూయించారన్నమాట. పలక అంచు కనీకనబడకుండా కలిసిపోవాలి. అక్కడ గాడి తేలినా, స్క్రూ రంధ్రాల అంచులు లోపలికి కుంగినా, అది సానపట్టిన సరుకే. నంబరు పక్కన నక్షత్రం గుర్తుంటే మాత్రం కంగారుపడకండి, అది కర్మాగారానికే తిరిగి వెళ్లి బాగుచేయించుకున్నదానికి ముద్ర. పలక విప్పదలిస్తే, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరుతో స్క్రూలు తీసి, ఫ్రేము పిడిభాగాన్ని చెక్కపిడితో మెల్లగా తట్టాలి. ఉలి పెట్టి పైకి లేపినవారి చేతిలో రివాల్వరు పెట్టకూడదని నా అభిప్రాయం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 వరకు తయారైనవే పురాతనాలు, కాబట్టి ఈ వంశంలో ఒక్కటీ ఆ మినహాయింపులోకి రాదు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవాటిని సేకరణదారుల లైసెన్సు మీద తెప్పించుకోవచ్చు, రాష్ట్రాల నిబంధనలు వేరు. వలసేతర వీసాల మీద ఉన్న మనవాళ్లు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకి దగ్గర ఉంచుకోవడమే నేరమని గుర్తుంచుకోవాలి. భారతదేశంలో 2019 సవరణతో ఒకరికి రెండు ఆయుధాలకే అనుమతి కనుక ఇలాంటి వరుస పేర్చడం కుదరదు. అయితే కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు రూపం బ్రిటిష్ వెబ్లీదైనా, అందులో వాడే .32 లాంగ్ తూటా మాత్రం 1896లో ఇదే స్మిత్ అండ్ వెసన్ వారి తొలి పక్కకు తెరుచుకునే రివాల్వరుతో పుట్టినదే.

చివరి ఖర్చు కర్మాగారపు లేఖ. దశాబ్దాల పాటు కంపెనీ చరిత్రకారుడిగా పనిచేసిన రాయ్ జింక్స్ పాత రికార్డులను వెతికి ఇలాంటి లేఖలు రాసిచ్చేవారు, ఇప్పుడు ఆ పనిని ఒక చరిత్ర సంస్థ చేస్తోంది. మీ రివాల్వరు ఏ తేదీన, ఏ దుకాణానికి లేదా ఏ శాఖకు, ఏ పూతతో, ఎంత పొడవు బ్యారెల్‌తో బయలుదేరిందో అందులో ఉంటుంది. సాధారణ మోడల్ 10కి దాని అవసరం లేదు. బ్యారెల్ కొలత అనుమానాస్పదంగా ఉన్న విక్టరీకి మాత్రం, కొన్న తరువాత కాకుండా, వీలైతే బేరానికి ముందే తెప్పించమని అమ్మేవారిని అడగండి.