దాల్ సరస్సులో తాళంచెవుల గుత్తి

జనవరి మొదటివారంలో శ్రీనగర్ వెళ్తున్నామంటే మా అమ్మ "డబ్బులిచ్చి మరీ వణకడానికా?" అంది. అక్కడ అప్పుడు చిల్లయ్ కలాన్, అంటే డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చలి ముదిరే కాలం. వెళ్లిన మర్నాడే తెలిసొచ్చింది. రాత్రి కారులో మరిచిపోయిన గాజుసీసా నిలువునా పగిలి ఉంది. లోపలి నీళ్లు మాత్రం సీసా ఆకారంలోనే గడ్డగా నిలబడ్డాయి. గడ్డకడితే నీళ్లు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి మరి. నిండా పోసి మూత బిగించింది నేనే!

పొద్దున్నే శికారా ఎక్కాం. ఒడ్డు పొడవునా దాల్ సరస్సు మీద మంచుపలక. పడవాయన తెడ్డుతో పొడుస్తుంటే ఫెళఫెళ విరిగి, ముక్కలు బుడుంగున మునిగి మళ్లీ తేలుతున్నాయి. ఒకటి తీసి చూశాను, వేలి మందం ఉంది. పది నిమిషాల దాకా వేళ్లకు స్పర్శ రాలేదు.

"నాన్నా, చేపలు చచ్చిపోవా?" అంది మా అమ్మాయి. దాని అక్వేరియం థర్మామీటర్ సామాన్లో వేసుకొచ్చింది. తీగ చివర సెన్సర్ ఉండే రకం. తీగకు తాళంచెవుల గుత్తి కట్టి, పలక విరిగినచోట దించాం. పలక కిందే 0.4 డిగ్రీలు. మీటరు పొడవున్న తీగంతా వదిలితే 2.9!

మా ఊరి చెరువులో ఎండాకాలం ఈదుతుంటే ఛాతీ దగ్గర గోరువెచ్చగా, కాళ్ల దగ్గర జిల్లుమనేది. ఇక్కడ తిరగబడింది. రెండుచోట్లా బరువైన నీరే అడుక్కి పోతుంది. నీళ్లు చల్లబడేకొద్దీ బరువెక్కుతాయి, కానీ 4 డిగ్రీల దాకానే. లీటరు నీళ్లు 30 డిగ్రీల దగ్గర 996 గ్రాములుంటే, 4 దగ్గర 999.97. ఇంకా చల్లబడితే మళ్లీ తేలికవుతాయి: సున్నా దగ్గర 999.84. ఆ పిసరంత తేడాకే చల్లటి నీళ్లు పైన ఉండిపోయి అక్కడే గడ్డకడతాయి. లీటరు మంచుగడ్డయితే 917 గ్రాములే, ఇక మునిగే మాటే లేదు. చేపలు అడుగునే కాలక్షేపం చేస్తాయి.

అమ్మాయికి ఇదంతా చెబుతుంటే పడవాయన ఫెరన్ (పొడవాటి వదులు అంగీ) లోపలి కాంగ్డీ (చిన్న నిప్పుల కుంపటి) సర్దుకుంటూ నవ్వాడు. కాస్త దూరంలో ఇంకో పడవలో ఒకాయన పొడవాటి గడకర్రతో బురదలోంచి నద్రూ లాగుతున్నాడు. మన తామరతూడే. దగ్గరికెళ్తే అప్పుడే తీసిన తూడొకటి అమ్మాయి చేతిలో పెట్టాడు. బుగ్గకు ఆనించుకుని, "చల్లగానే ఉంది నాన్నా, కానీ మంచుముక్కంత లేదు" అంది.