మోకాలెత్తు వేప

బెంగళూరు దక్షిణాన, బన్నేరుఘట్ట రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న మా కాలనీ వెనుక, పదేళ్లకు పైగా నాగలి తగలని రాగి చేను ఒకటి బీడుగా పడి ఉంది. ఆ నేలను మొదట లాంటానా, తంగేడు, బందారు పొదలు కమ్ముకున్నాయి. తరువాత కరెంటు తీగల మీద వాలిన పక్షులు విడిచిన గింజల నుండి వేప మొలకలు వరుసగా లేచాయి. నాలుగేళ్ల క్రితం, ఒక ఆగస్టు ఉదయం, స్కేలు, నోటుపుస్తకం పట్టుకుని వాటిని లెక్కించడం మొదలుపెట్టాను. నలభైకి పైగా తేలాయి. ఉగాది పచ్చడికి పువ్వు కోసుకుందామని మార్చిలో అక్కడికి వెళ్లినప్పుడు చూస్తే, వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆ మిగిలినవి కూడా జానెడు దాటకపోవడం నన్ను మరింత నిరుత్సాహపరిచింది.

అక్కడ మేకలు తోలుకునే ముసలాయన, చిత్తూరు వైపు నుండి వచ్చి స్థిరపడిన తెలుగువాడే, నేను ఎండిందని కొట్టివేసిన ఒక మొక్కను చూపి, "అది సావలేదు సామీ, ఏరు బతికే ఉండాది" అన్నాడు. దాని చిగురును కొరికినవి ఆయన మేకలే అన్న సంగతి అలా ఉంచితే, మాట నిజమేనని జూన్ వానలకు మొదలు దగ్గర లేచిన రెండు పిలకలు తేల్చాయి.

నా తప్పు స్కేలులో ఉంది. ఏడాదిలో నెలల తరబడి వాన పడని ఉష్ణమండల అడవులలో మొలక తన తొలి సంపాదనలో అధిక భాగాన్ని వేరుకే ఖర్చు చేస్తుంది. పై మట్టి ఎండిపోయేలోగా వేరు తడిని అందుకోగలిగితేనే దానికి రెండో సంవత్సరం ఉంటుంది. సాల వృక్షం ఇందుకు మంచి ఉదాహరణ: దాని మొలక కాండం ఏటేటా ఎండి రాలిపోతుంది, వానలకు మళ్లీ లేస్తుంది, అలా ఏళ్లు గడిచి వేరు లావెక్కిన తరువాతనే కాండం నిలదొక్కుకుని పైకి సాగుతుంది. పైనుండి చూసి ఏడాది మొక్క అనుకున్నదాని వేరు వయసు ఎన్నేళ్లో ఎవరు చెప్పగలరు? శ్రీగంధం మొలకకైతే సొంత వేరు కూడా చాలదు. పక్క మొక్కల వేళ్లకు అతుక్కుని వాటి నుండి నీరు, పోషకాలు తీసుకుంటుంది.

ఏడాది పొడవునా తడిగా ఉండే అడవులలో కొరత నీటిది కాదు, వెలుతురుది. పై ఆకులు ఎరుపు కాంతిని పీల్చుకుని కంటికి కనబడీ కనబడని ఎరుపు అంచు కాంతిని, అంటే దూరపు ఎరుపును, కిందికి వదులుతాయి. ఆ తేడాను పసిగట్టి, నెత్తిన చెట్టు ఉన్నంతకాలం మొలకెత్తకుండా ఆగే చిన్న గింజలు ఉన్నాయి. మా బీడులో లెక్క తిరగబడింది: నీడలో ఉన్నవే బతికాయి. రేగు పొద నడుమ మొలిచిన వేపకు ముల్లు కాపలా, నీడ చలువ.

ఈ తొలి దశను పట్టుకోవడం శాస్త్రజ్ఞులకూ సులువు కాదు. మా ఊరి భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1988 నుండి తమిళనాడులోని ముదుమలై అడవిలో 50 హెక్టార్లలోని చెట్లను గమనిస్తున్నారు. అయితే ఆ లెక్కలోకి రావాలంటే కాండం కనీసం 1 సెంటీమీటరు మందం ఉండాలి. కార్చిచ్చు, ఏనుగుల మేత, ఎండ అనే పరీక్షలలో చాలావాటిని దాటినవే ఆ పట్టికకు ఎక్కుతాయి.

2021లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం, వదిలేసిన ఉష్ణమండల భూములలో తిరిగి పెరిగిన అడవి 20 ఏళ్లలో పాత అడవి లక్షణాలలో సగటున 78 శాతాన్ని అందుకుంటుంది; నేల పదేళ్లలోపే కోలుకుంటుంది గానీ, జాతుల కూర్పుకు 120 ఏళ్లు కూడా చాలవు. ఈ అంకెలు చదివిన నెలలోనే, మొక్కలు నాటే ఉత్సాహవంతుల బృందం ఒకటి మా బీడులో ఒక మూలను జేసీబీతో శుభ్రం చేయించి, నర్సరీ నుండి తెచ్చిన ఆరడుగుల మొక్కలను వరుసలలో నాటింది. వారు పిచ్చి మొక్కలని తీసివేసిన వాటిలో నేను లెక్కపెట్టిన వేపలు నాలుగు ఉన్నాయి.

రేగు పొదలోనిది, ముసలాయన చూపిన మొక్కే, మాత్రం మిగిలింది. ఈ ఉగాదికి అది మోకాలెత్తుకు వచ్చింది; రెండు పిలకలలో ఒకటి ఎండిపోగా, రెండోది ముళ్ల పైకి తల ఎత్తింది.