రాయగడలో ఓఆర్ఎస్ పొట్లం కట్టాలంటే ముందు గాలి ఆరబెట్టాలి

మందుల ఫ్యాక్టరీ అనగానే మన వైపు అందరికీ వైజాగ్ దగ్గరి పరవాడ ఫార్మా సిటీయే గుర్తొస్తుంది. రియాక్టర్లు, పొగగొట్టాలు, కోట్ల పెట్టుబడి. అందుకే దక్షిణ ఒడిశాలోని రాయగడలోనో, గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో మందు తయారుచేద్దామంటే నవ్వి ఊరుకుంటారు. కానీ ఈ కొండ జిల్లాలకు వానాకాలంలో అన్నిటికన్నా ముందు కావాల్సిన మందుకు రియాక్టరుతో పనే లేదు. 2007లోనూ, మళ్ళీ 2022లోనూ రాయగడ జిల్లా కాశీపూర్ వైపు కలరా వచ్చినప్పుడు ఊళ్ళోకి ముందు వెళ్ళాల్సింది ఓఆర్ఎస్ పొట్లమే, అంటే విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్ళకు నీళ్ళలో కలిపి తాగించే పొడి. నాలుగు పొడులు కలిపి సంచిలో పోసి అంటించడమే కదా, మసాలా పొడి కట్టినట్టే అనుకుంటారు. అలా అనుకుని దిగినవాళ్ళ సరుకు మొదటి ఆషాఢానికే రాయైపోతుంది.

ఫార్ములాలో దాపరికం ఏమీ లేదు. డబ్ల్యూహెచ్ఓ, యునిసెఫ్ 2002లో సవరించిన లెక్క ఇది: లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, నీరు లేని గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. కరిగాక ఆస్మోలారిటీ, అంటే లీటరు నీటిలో కరిగిన కణాల లెక్క, 245 మిల్లీఆస్మోల్‌లు. పాత ఫార్ములాలో అది 311 ఉండేది. పేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెనకే నీళ్ళు వెళ్తాయి. గ్లూకోజ్ మోతాదు మించితే వ్యవహారం తిరగబడి నీళ్ళే పేగులోకి వస్తాయి. కాబట్టి 'కాస్త తియ్యగా ఉంటే పిల్లలు తాగుతారు' అనే దయ ఇక్కడ పనికిరాదు.

12,000 పొట్లాల బ్యాచ్ తీసుకుందాం. గ్లూకోజ్ 162 కిలోలు, సిట్రేట్ 34.8, సోడియం క్లోరైడ్ 31.2, పొటాషియం క్లోరైడ్ 18. మొత్తం 246 కిలోలు. చిన్న యూనిట్ ఒక షిఫ్టులో కలపగల సరుకే.

ముడిసరుకు దగ్గరే మొదటి చిక్కు. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పు మడులు మనకు కూతవేటు దూరంలో ఉన్నాయి, గంజాం వైపు హుమ్మాలోనూ ఉప్పు పండుతుంది. అయినా ఆ ఉప్పు నేరుగా పనికిరాదు. అందులో మెగ్నీషియం, కాల్షియం లవణాలు ఉంటాయి, ముఖ్యంగా మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని చెమ్మను లాగేస్తుంది. వంటింట్లో ఉప్పు డబ్బా వానాకాలం నీరు కారేది ఎక్కువగా దాని వల్లే. మందుల నాణ్యతకు దేశం పెట్టుకున్న ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణానికి శుద్ధి చేసిన ఉప్పే కొనాలి. పొటాషియం క్లోరైడ్ అయితే దేశంలో నడిచే గనులే లేవు, దాదాపు అంతా దిగుమతే. ఎరువుల కొట్లో దొరికే పొటాష్ రసాయనంగా అదే కదా అని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ళను గేటు బయటే ఉంచండి. గ్లూకోజ్ మొక్కజొన్న పిండి నుంచి వస్తుంది. నవరంగపురం జిల్లా నిండా మొక్కజొన్నే, కానీ ఆ గింజను ఫార్మా గ్లూకోజ్ చేయడం ఇంకో పెద్ద పరిశ్రమ. స్థానికంగా మందు తయారీ అన్నంత మాత్రాన అన్నీ ఇక్కడే పుట్టాలని పట్టు పట్టక్కర్లేదు. కలపడం, పరీక్షించడం, కట్టడం ఇక్కడ జరిగితే మొదటి అడుగు పడినట్టే.

గ్లూకోజ్ కొనేటప్పుడు ఒక మోసం ఉంది. నీటిని తనలో పట్టి ఉంచుకున్న మోనోహైడ్రేట్ రకం చౌక. చూడ్డానికి అదే తెల్ల పొడి. కానీ 13.5 గ్రాముల అసలు గ్లూకోజ్ కావాలంటే అది 14.85 గ్రాములు వేయాలి. లెక్క మార్చకుండా 162 కిలోలూ అదే పోస్తే గ్లూకోజ్ 9 శాతం తగ్గుతుంది. పరిమితి 90 నుంచి 110 శాతం కాబట్టి పరీక్షలో అంచు మీద గట్టెక్కేస్తుంది కూడా. అసలు దెబ్బ అది కాదు. ఆ 162 కిలోల్లో దాదాపు పద్నాలుగున్నర కిలోల నీళ్ళు దాక్కుని ఉంటాయి. బిగుతుగా అంటించిన పొట్లం లోపల, ఎండకు కాగే గోడౌన్లో, ఆ నీళ్ళలో కొంత బయటపడినా పొడి గట్టిపడుతుంది. గట్టిపడిన చోట రంగు కూడా మారవచ్చు. అందుకే డ్రమ్ము మీది చీటీ చదివి ఊరుకోకుండా తేమ పరీక్ష చేశాకే 'వాడొచ్చు' అనే పచ్చ లేబుల్ అంటించాలి. అప్పటిదాకా పసుపు లేబుల్‌తో క్వారంటైన్‌లోనే ఉండాలి.

ఇక గాలి. విడిగా పెడితే సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటే దాకా నీరు పట్టదు, పొటాషియం క్లోరైడ్ 84 దాకా ఆగుతుంది. రెండూ కలిపితే అంతకన్నా తక్కువ తేమకే చెమర్చడం మొదలెడతాయి, గ్లూకోజ్ చేరితే ఇంకా కిందికి దిగుతుంది. విడివిడిగా గలగలలాడిన పొడులు కలిపాక ముద్దకట్టేది ఇందుకే. శ్రావణంలో మన ఊళ్ళ గాలిలో తేమ 85, 90 మామూలు. మామూలు ఏసీ పెడితే గది చల్లబడుతుంది గానీ తేమ 50, 55 దగ్గర ఆగిపోతుంది. 40 లోపు కావాలంటే సిలికా జెల్ చక్రం ఉన్న డీహ్యుమిడిఫయర్ పెట్టాల్సిందే. ఆ చక్రం పట్టిన నీటిని మళ్ళీ వదిలించడానికి వేడి గాలి కావాలి, అంటే రోజంతా కరెంటు. కొనేటప్పుడు అందరూ బ్లెండర్ ధర, ప్యాకింగ్ మిషన్ ధర బేరమాడతారు. నెలనెలా యూనిట్‌ను తినేది ఈ గాలి బిల్లు. కరెంటు పోయి గది తేమ 60 దాటితే, తెరిచి ఉన్న పొడిని మూతలు పెట్టి, లోపలి సంచి కట్టి పక్కన పెట్టాలి. 'పది నిమిషాలే కదా' అని నింపడం ఆపకపోతే ఆ పది నిమిషాల సరుకే మూడు నెలల తర్వాత వాపసు వస్తుంది.

ఉప్పు, పొటాషియం క్లోరైడ్‌లను ట్రే డ్రయర్లో 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టవచ్చు. గ్లూకోజ్‌ను అంత వేడికి పెట్టవద్దు. ఆరాక నాలుగింటినీ జల్లించాలి, గింజ పరిమాణం దగ్గరగా ఉండాలి. సన్న ఉప్పు, ముతక గ్లూకోజ్ అయితే బ్లెండర్లో బాగానే కలుస్తాయి గానీ ప్యాకింగ్ మిషన్ తొట్టి అదురుకు సన్నది కిందికి జారుతుంది. చేటలో బియ్యం చెరిగితే నూకలు వేరుపడినట్టే. అప్పుడు మొదటి వంద పొట్లాల్లో ఉప్పెక్కువ, చివరి వందలో తక్కువ. బరువు మాత్రం అన్నిటిదీ సరిగ్గా 20.5 గ్రాములే చూపిస్తుంది, తూకం చూసి పట్టుకోలేరు. ఉప్పెక్కువైన పొట్లం తాగిన పసిబిడ్డకు రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. అందుకే షిఫ్టు మొదట, మధ్యన, చివర తీసిన పొట్లాలను విడివిడిగా ల్యాబుకు పంపాలి.

కలపడంలోనూ వరస ఉంది. 18 కిలోల పొటాషియం క్లోరైడ్‌ను ముందు దాదాపు అంతే బరువు గ్లూకోజ్‌తో కలిపి, ఆ మిశ్రమానికి మళ్ళీ అంత కలుపుతూ పోవాలి. బ్లెండర్‌ను మూడింట రెండొంతులకు మించి నింపితే పైపొర తిరగదు.

ల్యాబులో సోడియం, పొటాషియంలకు ఫ్లేమ్ ఫోటోమీటర్, క్లోరైడ్‌కు సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్, గ్లూకోజ్‌కు పోలారిమీటర్. కరిగిన ద్రావణం పీహెచ్ 7.0 నుంచి 8.8 మధ్య ఉండాలి. ఇవి వైజాగ్ పంపించి రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే యూనిట్ నడవదు. సొంతంగా ఉండాలి, చేసే మనిషి ఉండాలి. బరంపురంలో ఫార్మసీ చదివిన పిల్లలు హైదరాబాదు బస్సెక్కేది ఇక్కడ ఇలాంటి ల్యాబు బల్ల ఒక్కటి కూడా లేకనే అని మా అభిప్రాయం.

పొట్లం పాలియెస్టర్, అల్యూమినియం రేకు, పాలిథిన్ మూడు పొరలది కావాలి. రేకు పల్చనైతే సూదిమొన రంధ్రాలు పడతాయి. అతుకు వదలడానికి మామూలు కారణం వేడి చాలకపోవడం కాదు, నింపేటప్పుడు లేచిన దుమ్ము అతుకు మధ్యలో చిక్కడం. మెథిలీన్ బ్లూ కలిపిన నీళ్ళలో పొట్లాలను ముంచి, వాక్యూమ్ పెట్టి వదిలితే కారే పొట్లంలో పొడి నీలంగా మారుతుంది. గంటకోసారి చేయాల్సిన పని.

లైసెన్సు సంగతి క్లుప్తంగా: ఫారం 25 అనే తయారీ లైసెన్సు, ఫార్మసీ డిగ్రీ, 18 నెలల తయారీ అనుభవం ఉన్న మనిషి, ఫ్యాక్టరీ భవనం, శుభ్రత, తయారీ పద్ధతులు ఎలా ఉండాలో చెప్పే షెడ్యూల్ ఎమ్ నిబంధనలు. 2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్ ఎమ్‌కు చిన్న యూనిట్ల గడువు 2025 డిసెంబరు 31 దాకా పొడిగించారు. కొత్తగా కట్టేవాళ్ళు పాత ప్లాను జిరాక్సుతో మొదలెట్టకండి, మళ్ళీ గోడలు పగలగొట్టాలి. ప్రభుత్వ టెండర్లలో సాధారణంగా గత మూడేళ్ళ టర్నోవరు అడుగుతారు, కొత్త యూనిట్‌కు అదెక్కడ ఉంటుంది? మొదటి రెండేళ్ళూ మందుల దుకాణాల మీద, పెద్ద కంపెనీకి కట్టిచ్చే కాంట్రాక్టు మీద బతకాలని ముందే లెక్కేసుకోవాలి. బజారులో పోటీ మరో రకం. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బా పానీయాల మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. నిజమైన ఫార్ములా కట్టేవాడికి అది మేలు.

లేబుల్ మీద ఒడియా, తెలుగు ఉంటే చాలదు. సవర, కుయి మాట్లాడే ఇళ్ళలో రెండూ చదవనివాళ్ళుంటారు. వాళ్ళింట్లో లీటరు కొలత కూడా ఉండదు. పెద్ద పొట్లాన్ని గ్లాసుడు నీళ్ళలో కలిపేయడం తరచుగా జరిగే తప్పు. కొట్లో దొరికే లీటరు నీళ్ళ సీసా బొమ్మ వేసి, మెడ దాకా నిండినట్టు చూపించాలి, పక్కన గ్లాసు బొమ్మ మీద ఇంటూ గుర్తు. లేదా 200 మిల్లీలీటర్లకు 4.1 గ్రాముల చిన్న పొట్లమే కట్టాలి. రేకు ఖర్చు పెరుగుతుంది, తప్పు తగ్గుతుంది. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయమని సూర్యుడూ చంద్రుడూ బొమ్మలతో చెప్పొచ్చు.

ప్రతి బ్యాచ్ నుంచి నమూనాలు ల్యాబులో దాచడం ఎలాగూ నిబంధనే. అవి కాక ఇంకో ఇరవై పొట్లాలు జ్యేష్ఠంలోనే కాశీపూర్ లాంటి చోట ఆశా కార్యకర్త ఇంటి అటక మీద పెట్టించండి, దసరాకు తెప్పించుకోండి. కత్తిరించి తెల్ల కాగితం మీద ఒంపితే పొడి ఇసుకలా జారాలి. గడ్డలుంటే ముందు అతుకు చూడండి. అతుకు బాగుంటే ఆ బ్యాచ్ నింపిన రోజు తేమ రిజిస్టరు తీయండి.