ఆంటీ, ఇది నేను కాదు

జులైలో ఒక రాత్రి పదిన్నరకు ఫోనులో వాయిస్ మెసేజ్ వచ్చింది. పదకొండు సెకన్లు. పంపింది పదిహేడేళ్ళ అమ్మాయి. రెండు రోజుల ముందే ఆమె ఫొటోలు సిద్ధం చేసి లింకు పంపాను. బాగా వచ్చాయన్న నమ్మకంతో, ఆ మాట ఆమె నోట వినాలని ఆశగా ఫోను చెవికి పెట్టుకున్నాను. పుట్టి పెరిగింది ఇక్కడే, అమెరికాలో కాబట్టి తెలుగు కూడబలుక్కుంటూ మాట్లాడింది. "ఆంటీ, ఫొటోలు బాగున్నాయి. కానీ ఇది నేను కాదు. నా రంగు ఎక్కడికి పోయింది?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నేమో. పోగొట్టుకున్న వస్తువు గురించి అడిగినట్టు అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు జరిగింది ఇది. ఫొటోలు తీసిన సాయంత్రం, పార్కులో అమ్మాయి బట్టలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ నా పక్కకు వచ్చి మెల్లగా అంది: "అక్కా, కాస్త ఛాయ పెంచండి. ఎండలో టెన్నిస్ ఆడి బాగా నల్లబడింది." సరే అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాఫీలో చక్కెర తగ్గించమంటే తగ్గించినంత మామూలుగా తల ఊపాను. ఇంటికి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, అలాగే చేశాను.

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను వచ్చింది డిపెండెంట్ వీసా మీద. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న హెచ్1బీ వాళ్ళ జీవిత భాగస్వాములలో కొందరికి పని అనుమతి ఇస్తూ 2015లో నిబంధన వచ్చాకే నా చేతికి పని అనుమతి కార్డు వచ్చింది. మొదట్లో అన్నీ మనవాళ్ళ పనులే: సీమంతాలు, బారసాలలు, ఓణీల ఫంక్షన్లు. వాటి నుంచి నెమ్మదిగా ఈ సీనియర్ ఫొటోల వైపు వచ్చాను.

ఇక్కడ హైస్కూలు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు. పన్నెండులో ఉన్న వాళ్ళు సీనియర్లు. ఆ ఏడు మొదలయ్యే ముందు వేసవిలోనో, మొదలయ్యాక ఎండలు తగ్గినప్పుడో ఫొటోలు తీయించుకోవడం ఆనవాయితీ. ఇయర్‌బుక్ కోసం బడి తరఫున తీసేది వేరు. చాలా బడుల్లో అమ్మాయిలందరి భుజాల మీద ఒకే నల్లటి వస్త్రం, అబ్బాయిలందరికీ ఒకే టక్సీడో, వరుసలో నిలబెట్టి నిమిషంలో ముగిస్తారు. నేను తీసేవి ఇంటివాళ్ళు సొంతంగా తీయించుకునేవి. ఇల్లు వదిలి కాలేజీకి వెళ్ళబోయే ముందు, ఈ పిల్ల ఇప్పుడు ఇలా ఉందని గుర్తు పెట్టుకోవడానికి తీయించుకునేవి.

టెక్సాస్ వాళ్ళకు దీనిలో ఎన్ని ముచ్చట్లో. ఆటల్లోనో బ్యాండులోనో రాణించినందుకు వచ్చిన లెటర్ జాకెట్టును ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండలోనూ వేసుకుని నిలబడతారు. పూర్వ విద్యార్థులను పిలిచి బడి చేసుకునే హోమ్‌కమింగ్ పండుగ రోజున ధరించే మమ్‌ను పెట్టెలో భద్రంగా తెచ్చుకుంటారు. మమ్ అంటే మన చామంతే. ఒకప్పుడు నిజం పువ్వు వాడేవారు, ఇప్పుడు పళ్ళెమంత గుడ్డ పువ్వు, దాని నుంచి మోకాళ్ళ దాకా రిబ్బన్లు, రిబ్బన్లకు మువ్వలు. సీనియర్లకు తెలుపు, వెండి రంగుల్లో కడతారు. మొదటిసారి ఆ మువ్వల చప్పుడు విన్నప్పుడు నాకు సంక్రాంతి గంగిరెద్దులే గుర్తుకొచ్చి కళ్ళు చెమర్చాయి. మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ వరకు రోడ్ల పక్కన బ్లూబానెట్లనే అడవి పూలు నీలంగా పరుచుకుంటాయి. అప్పుడు తీయించుకునేవాళ్ళు కొందరు.

నా బ్యాగులో కెమెరా కంటే మిగతావే ఎక్కువ. పిన్నీసులు, దువ్వెన, దోమల మందు, చిన్న బ్యాటరీ ఫ్యాను, చల్లని నీళ్ళు, ఉప్పు బిస్కెట్లు. జులైలో ఇక్కడ సూర్యుడు అస్తమించేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఏడు గంటలకు మొదలుపెడతాను. మొదటి ఇరవై నిమిషాల ఫొటోలు దాదాపు పనికిరావు, అయినా తీస్తాను. ఆ పిల్లకు నా మీద, నా కెమెరా మీద భయం పోవడానికి ఆ ఇరవై నిమిషాలు కావాలి. బరువు వెనక కాలి మీద వేయమంటాను, గడ్డం కొద్దిగా ముందుకు తెచ్చి దించమంటాను, చేతులకు ఏదో ఒక పని ఇస్తాను. ఒకబ్బాయికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎంతకీ తెలియలేదు. ప్యాంటు జేబులో రోబోటిక్స్ క్లబ్బు స్క్రూడ్రైవర్ తగిలింది. అది వేళ్ళ మధ్య తిప్పడం మొదలుపెట్టాడు, అంతే, భుజాలు వాలాయి, మనిషి తనలోకి తాను వచ్చేశాడు. అలాంటి క్షణం కోసమే ఈ పని చేస్తాను. ఈ పిల్లలను బళ్ళో, ఇంట్లో అందరూ మార్కులు చూసి, ఫోను చూసి పలకరిస్తారు. రెండు గంటలపాటు ఒక పెద్ద మనిషి వాళ్ళ ముఖాన్ని మాత్రమే శ్రద్ధగా చూడటం వాళ్ళకు కొత్త. చివర్లో చాలామంది "ఇంకాసేపు తీద్దామా" అంటారు.

అంత శ్రద్ధగా చూసిన ముఖాన్నే, వాళ్ళమ్మ అడిగిందని, ఇంటికి వచ్చి మార్చేశాను.

నన్ను నేను సమర్థించుకోకుండా ఉండలేకపోతున్నాను. మా నాన్నకు తెనాలిలో స్టూడియో ఉండేది. గోడకు వెన్నెల్లో చెరువు, చెరువులో హంసలు ఉన్న తెర. అద్దం కింద బల్ల మీద పళ్ళు విరిగిన దువ్వెన, పౌడరు డబ్బా, తిలకం సీసా. వచ్చిన వాళ్ళను ముందు అద్దం దగ్గర కూర్చోబెట్టి, తల చెదిరి ఉంటే నాన్నే దువ్వేవాడు. ముసలివాళ్ళకు చొక్కా కాలరు సర్దేవాడు. కూలి పని నుంచి నేరుగా వచ్చిన వాళ్ళకు ముఖం కడుక్కోవడానికి బావి దగ్గర సబ్బు ఉండేది. కస్టమరుకు మంచి అనుభవం ఇవ్వడం ఎలా అని ఇక్కడ డబ్బు తీసుకుని తరగతులు చెబుతారు. ఒక దానికి నేనూ వెళ్ళాను. చెప్పినవన్నీ మా నాన్న చేసినవే.

పెళ్ళిచూపులకు పంపే ఫొటోల దగ్గర మాత్రం నాన్న పని అద్దం దగ్గర ఆగేది కాదు. రాత్రిళ్ళు, కింద బల్బు వెలిగే వాలుబల్ల మీద నెగటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీద చుక్కలు పెట్టేవాడు. నెగటివ్ మీద నలుపు పడిన చోట కాగితం మీద తెలుపు వస్తుంది. అమ్మవారి మచ్చలు పోయేవి, కళ్ళ కింద నీడ పోయేది, చామనఛాయ పిల్ల పసిమిగా తేలేది. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. నా కళ్ళకు అది దయగానే కనిపించేది, ఇప్పటికీ అలాగే కనిపిస్తోంది. రంగు తక్కువని సంబంధం తప్పిపోతే ఆ పిల్ల ఇంట్లో ఏమేం పడుతుందో నాన్నకు తెలుసు. ఆయన పెన్సిలు ఆ పిల్ల పక్షాన నిలబడిందని నా నమ్మకం.

ఇందులో తప్పంతా మనదేనన్నట్టు మాట్లాడితే కూడా నేను ఒప్పుకోను. రంగుల ఫొటోలు వచ్చాక ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన కార్డుల మీద దశాబ్దాలపాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ. షర్లీ కార్డులని పేరు. ఆమె చర్మం సరిగ్గా కనిపిస్తే రంగు సరిగ్గా ఉన్నట్టు. మన ముఖాలు ఆ లెక్కలో లేనే లేవు. మన దగ్గరేమో 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది, 2020లో గానీ ఆ పేరులోని 'ఫెయిర్' పోలేదు. ఆ రెండింటి మధ్య పెరిగినదాన్ని నేను. ఛాయ పెంచమనగానే తల ఊపడం నాకు అలా అబ్బింది.

మర్నాడు ఉదయం అసలు ఫైలును, నేను మార్చిన ఫైలును పక్కపక్కన పెట్టుకుని చూశాను. రంగు పెంచడానికి నేను వాడింది నారింజ రంగుల వెలుగును ఎక్కువ చేసే మీట. మన చర్మం ఎక్కువగా ఆ నారింజలోనే ఉంటుంది. అస్తమించే సూర్యుడి వెలుగూ అందులోనే ఉంటుందన్న సంగతి మార్చేటప్పుడు పట్టించుకోలేదు. ఆ సాయంత్రం మబ్బు తొలగే వరకు నలభై నిమిషాలు చెట్టు కింద కూర్చున్నాం. తొలగాక ఆ వెలుగు ఆమె చెంప ఎముక మీద, తోమిన ఇత్తడి చెంబు మీద పడినట్టు పడింది. కంటిలో తెల్లటి చుక్క రావడానికి ఇంటి నుంచి తెచ్చిన థర్మోకోల్ అట్టను నేనే మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నాను. అసలు ఫైలులో అదంతా ఉంది. నేను మార్చిన దాంట్లో చెంప బియ్యప్పిండి అద్దినట్టు ఉంది. రంగుతోపాటు సాయంత్రం కూడా పోయింది.

అన్నిటినీ మొదటి నుంచి మళ్ళీ చేశాను. రెండు వారాల్లో మానిపోయే మొటిమలు తీసేశాను, గడ్డం కింద పాత గాటు అలాగే ఉంచాను. ఎప్పటికీ ఉండేదాన్ని ముట్టుకోకూడదని ఈ పనిలో ఉన్నవాళ్ళు పాటించే నియమం. నేనూ అందరికీ చెప్పే నియమమే. రంగు ఎప్పటికీ ఉండేదే కదా అని మాత్రం నాకు తట్టలేదు.

ఆ అమ్మాయికి ఫోను చేసి క్షమించమని అడిగాను. కాసేపు మౌనంగా ఉండి, "అమ్మ అడిగిందా ఆంటీ?" అంది. అబద్ధం చెప్పలేకపోయాను, నిజమూ చెప్పలేకపోయాను. చేసింది నేను, తప్పు నాదే అన్నాను. అర్థం చేసుకుందనుకుంటాను.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన: నా కస్టమరు ఎవరు? డబ్బు ఇచ్చేది తల్లి. ఫొటోలో ఉన్నది పిల్ల. తెనాలిలో ఈ ప్రశ్న పుట్టేదే కాదు. ఫొటో తీయించేది పెద్దవాళ్ళు, దాన్ని కవరులో పెట్టి పంపేది పెద్దవాళ్ళు, చూసి అవునో కాదో చెప్పేది అవతలి పెద్దవాళ్ళు. ఫొటోలోని పిల్లకు ఒక కాపీ మిగిలితే గొప్ప. ఇక్కడ ఫొటో ఎవరికీ నచ్చాల్సిన అవసరం లేదు, ఆ పిల్లకు తను తనలా కనిపిస్తే చాలు. ఈ దేశంలో నేను మెచ్చుకునేవి మరీ ఎక్కువ లేవు గానీ, దీన్ని మెచ్చుకోకుండా ఉండలేను. పదిహేడేళ్ళకు మన పిల్లలు ఇంటర్ హాస్టళ్ళలో ఉంటారు. అప్పుడు ఫొటో అంటే హాల్ టికెట్టుకూ ఎంట్రన్సు పరీక్ష దరఖాస్తుకూ తీసేదే. ర్యాంకు వస్తే పేపర్లో నిండు పేజీ ప్రకటనలో తపాలా బిళ్ళంత ముఖం, కింద నంబరు. రాకపోతే అదీ లేదు.

ఊళ్ళో సగం మందికి ఫొటోలు తీసిన మనిషి కూతురిని, నా పదిహేడో ఏట దిగిన ఫొటో నా దగ్గర ఒక్కటే ఉంది. హాల్ టికెట్టు మీదది. ప్రిన్సిపాల్ గారి ముద్ర సగం ఎడమ చెంప మీద ఊదా రంగులో పడింది. ఆ వేసవిలో స్టూడియో నిండా పెళ్ళిళ్ళ పని, నాన్నకు తీరిక లేదు. నేనూ అడగలేదు. అడగవచ్చని తెలియదు. ఇప్పుడు నాన్నకు డెబ్బై ఎనిమిదేళ్ళు, చెయ్యి వణుకుతుంది. ఈ సంగతంతా ఫోనులో చెబితే సాంతం విని, "ఆ పిల్ల నోరు తెరిచి అడిగిందే" అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. మా స్టూడియోకు వచ్చిన ఎందరు అడగలేదో గుర్తు చేసుకుంటున్నాడని అనిపించింది. నేను వేరే మాట ఎత్తాను.

వారం తరువాత తల్లీకూతుళ్ళు వచ్చి పెద్ద ఫొటో తీసుకెళ్ళారు. పదహారు ఇంటూ ఇరవై అంగుళాలది. అమ్మాయి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పట్టుకుని చూసుకుంది, తన చెయ్యి చెంప పక్కన పెట్టి రంగు పోల్చుకుంది. వాళ్ళమ్మ కూడా చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

ఆ రాత్రే వాట్సాప్‌లో రాసింది. "అక్కా, ముందు చేసినవి రెండు పంపండి. ఖమ్మంలో మా అత్తగారికి చూపించాలి. అమ్మాయికి చెప్పకండి." ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ అత్తగారి ఇంట్లో అడుగుపెట్టినప్పుడు తన రంగు గురించి ఎన్ని మాటలు విన్నదో, ఆ మాటలు కూతురి దాకా రాకుండా చెయ్యి అడ్డం పెడుతోందో ఏమో. అయినా పంపలేదు. అమ్మాయిని అడగకుండా పంపలేనని రాశాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. మొన్న గుడిలో ఎదురుపడితే ప్రసాదం వరుసలో ముందుకు వెళ్ళిపోయింది.

నిన్న ఆ అమ్మాయికే రాశాను, ఉన్నది ఉన్నట్టు. పావుగంటలో జవాబు వచ్చింది, ఈసారి తెలుగు అక్షరాల్లోనే, రెండు తప్పులతో. అమ్మతో నేనే మాట్లాడతాను ఆంటీ, అంతవరకు అవి తీసేయకండి అని. రెండు ఫైళ్ళూ నా దగ్గరే ఉన్నాయి.