జింకల జాడ

హైదరాబాద్‌లో వనస్థలిపురం పక్కన, విజయవాడ రహదారిని ఆనుకొని ఉన్న మహావీర్ హరిణ వనస్థలిలో అటవీ శాఖ అనుమతితో గార్డు వెంట నడిచే అవకాశం మొన్న జనవరిలో నాకు రెండోసారి దొరికింది. మిగిలినవారు దూరాన జింకల కోసం వెతుకుతుంటే నేను మొదటి గంటసేపు నేల మీది నుంచి చూపు ఎత్తలేదు. ఇది మా తాతయ్య నుంచి వచ్చిన అలవాటు. ఆయన వయసులో ఉన్నప్పుడు వికారాబాద్ వైపు అడవుల్లో వేటకు వచ్చే పెద్దమనుషులకు ముందు నడిచి జాడ చూపించేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని జంతువులను లైసెన్సు మీద వేటాడడానికి ఇంకా వీలు ఉంచింది. 1991 సవరణతో ఆ వీలూ పోయింది. అప్పటికి చాలా ముందే తాతయ్య ఆ పని మానేశారు గాని, జాడ చూడడం మానలేదు. చెరువు గట్టు బురదలో నన్ను కూర్చోబెట్టి, మేక గిట్ట కొస మొద్దుగా ఉంటుందనీ, దుప్పి గిట్ట మొనదేలి ఉంటుందనీ వేలు పెట్టి చూపించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటభూమి. మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో 3,758 ఎకరాలను జింకల కోసం కేటాయించి ఆయన పేరు పెట్టారు. వేట కోసం కాపాడిన నేల కాబట్టే ఇక్కడ కృష్ణజింకలు మిగిలాయన్నది నిజం. ఆ నిజం నాకు ప్రతిసారీ కొంత ఇబ్బంది కలిగిస్తుంది.

ఆ ఉదయం బాట పక్క చదునులో మాకు ఒక పెంటికల కుప్ప కనబడింది. రెండడుగుల వెడల్పు ఉంటుంది. అడుగువి తెల్లబారి, చేత్తో నలిపితే పొడి అయ్యేలా ఉన్నాయి. పైవి నల్లగా, మంచుకు తడిసి మెరుస్తున్నాయి. సొంత హద్దు ఏర్పరచుకున్న మగ కృష్ణజింక పదేపదే అదే చోటికి వచ్చి పెంటికలు వేస్తుంది. కంటి కింది గ్రంథి నుంచి వచ్చే జిగురును గడ్డి కొసలకు, పుల్లలకు రాస్తుంది. పైవి తాజాగా ఉన్నాయంటే యజమాని దగ్గరలోనే ఉందని అర్థం. మేము అక్కడే పొద చాటున కూర్చున్నాము. ఇరవై నిమిషాల తరువాత, వీపు నల్లబడి పొట్ట తెల్లగా ఉన్న పెద్ద మగది మెలితిరిగిన కొమ్ములను వెనక్కి వాల్చి, మూతి పైకెత్తి నడుస్తూ సరిగ్గా ఆ కుప్ప దగ్గరికే వచ్చింది.

తాతయ్య నడుముకు కట్టిన చిన్న సంచిలో ఎప్పుడూ బూడిద ఉండేది. అడుగు వేసే ముందు చిటికెడు వదిలి అది ఎటు కొట్టుకుపోతుందో చూసేవారు. వాలు నేలల్లో తెల్లవారుజామున చల్లగాలి పల్లానికి జారుతుంది, ఎండ ఎక్కాక అదే గాలి పైకి లేస్తుంది; అందుకే ఉదయం కింది నుంచి పైకీ, పొద్దెక్కాక పై నుంచి కిందికీ వెళ్లాలని ఆయన చెప్పేవారు. చిలుకూరు దారిలోని మృగవని పార్కులో ఈ మాట మరచిపోయి నేను ఒక చుక్కల దుప్పుల మందను పోగొట్టుకున్నాను. ఒక ఆడ దుప్పి ముందుకాలు నేలకు కొట్టి ఒక్క అరుపు అరిచింది. మరుక్షణం తోకలెత్తిన తెల్లదనం తప్ప ఇంకేమీ కనబడలేదు.

అమెరికాలో ఉంటున్న మా పెదనాన్న కొడుకు అక్కడి జాతీయ అటవీ భూముల్లో, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సుతో జింకల వేటకు వెళతాడు. సీజనుకు నెలల ముందు నుంచే నీటి చోట్లు, మేత దారులు, మగ జింకలు కొమ్ములు రుద్దిన చెట్ల బెరడు చూసి రాసుకుంటానని ఫోనులో చెబుతుంటే మా తాతయ్యే మాట్లాడుతున్నట్లు ఉంటుంది. నేను తుపాకీ కోరుకోను. ఇక్కడ దుప్పి ఏటా రాల్చే కొమ్మును సైతం ఇంటికి తెచ్చుకోవడానికి చట్టం ఒప్పుకోదు, ఆ కట్టుబాటు సరైనదేనని నా నమ్మకం. కానీ కాల్చడం ఆగిందని జాడ చూసే విద్యను కూడా పోగొట్టుకుంటే, మన పక్కన బతికే జంతువు పొద్దు ఎలా గడుస్తుందో తెలిసినవారే మిగలరు.

నగర శివారులోని ఒక అటవీ బ్లాకులో నిరుడు నాకు ఉచ్చు కనబడింది. రెండు పొదల మధ్య దారి ఇరుకైన చోట, దుప్పి మెడ ఎత్తున, బైకు క్లచ్ వైరుతో కట్టారు. వైరు మెరవకుండా మసి పూశారు. నేలను చూస్తే గిట్టల గుర్తులన్నీ ఆ ఇరుకులోకే వస్తున్నాయి. కట్టినవాడికి తాతయ్యకు తెలిసినదంతా తెలుసు. నా చేతులు వణికాయి. ఉచ్చు పన్నడం, అది ఖాళీగా ఉన్నా, చట్టం దృష్టిలో వేటే. ఫోటో తీసి గార్డుకు ఫోను చేశాను. ఆయన వచ్చి ఆ బాట వెంట వెతికితే మరో మూడు దొరికాయి. అప్పటి నుంచి నేను జాడ వెంట నడిచేటప్పుడు పొదల సందుల్లో చేతికర్ర అడ్డంగా ఆడిస్తూ, వైరు తగులుతుందేమో చూసుకుంటూ వెళుతున్నాను.