ఒక్క బొట్టులో క్రిమి దొరుకుతుందా?

రోగకారక బ్యాక్టీరియాను పది నిమిషాల్లో పసిగట్టే సెన్సర్ తయారైందన్న వార్త పత్రికల్లో తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. హన్మకొండలో విద్యుద్రసాయన శాస్త్రం బోధిస్తూ, విద్యార్థులతో కలిసి ఇటువంటి సెన్సర్లలో విద్యుత్ సంకేతాన్నిచ్చే ఎలక్ట్రోడ్ల మీదే పనిచేస్తున్న నాకు ఆ వార్త చదివిన ప్రతిసారీ ఒకటే సందేహం కలుగుతుంది: ఆ పది నిమిషాలను ఎక్కడి నుంచి లెక్కపెట్టారు? నీటిని సీసాలో పట్టిన క్షణం నుంచా, లేక ఆ నీటిలోని క్రిములను వడగట్టి, కడిగి, చిన్న బొట్టులోకి చేర్చి, ఆ బొట్టును ఎలక్ట్రోడ్ మీద పెట్టిన తరువాతి నుంచా? ఈ రెండింటికీ మధ్య చాలాసార్లు కొన్ని గంటల తేడా ఉంటుంది.

ఇప్పుడు అందరూ నమ్మే పద్ధతి కల్చర్. నమూనాను పోషక మాధ్యమంలో ఉంచి, 18 నుంచి 24 గంటలు వెచ్చగా పెట్టి, మొలిచిన కాలనీలను లెక్కిస్తారు. ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో తెలియాలంటే సాధారణంగా మరో రోజు ఆగాలి. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నమూనాలో మలంతో నీటిలోకి చేరే ఇ. కోలి బ్యాక్టీరియా అసలు కనిపించకూడదు. గ్రామాల్లో క్షేత్ర పరీక్షల కోసం వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా మన దేశంలోనే, గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల చేతిలో రూపుదిద్దుకొని 1982లో ప్రచురణకు వచ్చింది. అందులో నీళ్ళు పోసి పక్కన పెడితే, మలసంబంధమైన కాలుష్యం ఉన్నప్పుడు నల్లబడుతుంది. చవకైనది, కరెంటు అక్కరలేనిది, చదువు అంతగా లేనివారికి కూడా అర్థమయ్యేది. అయితే దానికీ ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఆ ఒకటి రెండు రోజులే ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలు మన ప్రాంతంలో ఉన్నాయి. మేడారం జాతరనే తీసుకోండి. రెండేళ్ళకోసారి మాఘమాసంలో, నాలుగు రోజుల పాటు, అడవి మధ్యలోని ఒక చిన్న ఊరికి లక్షలాది మంది చేరుకుంటారు. జంపన్నవాగులో స్నానాలు చేస్తారు, ట్యాంకుల దగ్గర, తాత్కాలికంగా వేసిన నల్లాల దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. బుధవారం పొద్దున తీసిన నమూనా ఫలితం శుక్రవారం చేతికందితే, ఆ నీళ్ళు తాగినవారిలో సగం మంది అప్పటికే మొక్కు చెల్లించుకొని ఆదిలాబాద్‌కో, ఛత్తీస్‌గఢ్‌కో తిరుగుదారి పట్టి ఉంటారు.

పరకాల దగ్గర ఒక ఊళ్ళో నీటి పరీక్షలు చేసే మా మరదలు ఒకసారి నన్ను సూటిగా అడిగింది: "బావా, షుగర్ మిషన్‌ల ఒక్క బొట్టు నెత్తురు ఏస్తే ఐదు సెకన్లల్ల చెప్తది గదా, నీళ్ళకు గసొంటిది ఎందుకు లేదు?" ఈ రంగంలో ఇంతకంటే మంచి ప్రశ్న లేదని నా అభిప్రాయం. షుగర్ మిషన్ కూడా విద్యుద్రసాయన బయోసెన్సరే. 1962లో లీలండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును నిలిపి గ్లూకోజును కొలవవచ్చని చూపారు. 1987 నాటికి అదే సూత్రం పెన్ను ఆకారంలో జేబులోకి వచ్చింది. మరి అప్పటి నుంచి బ్యాక్టీరియాకు అలాంటిది ఎందుకు రాలేదు?

జవాబు అంకెల్లో ఉంది. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉన్న రక్తంలో ఒక్క మైక్రోలీటరు తీసుకుంటే, అందులో మూడు వేల లక్షల కోట్లకు పైగా గ్లూకోజ్ అణువులుంటాయి; ప్రతి అణువూ ఆక్సీకరణం చెంది రెండు ఎలక్ట్రాన్లను ఇస్తుంది. కనుక విద్యుత్ ప్రవాహాన్ని కొలవడం కష్టమేమీ కాదు. ఇప్పుడు 100 మిల్లీలీటర్ల నీటిలో పది ఇ. కోలి క్రిములున్నాయనుకుందాం. ప్రమాణం ప్రకారం ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. మా ఎలక్ట్రోడ్ మీద పట్టే బొట్టు దాదాపు 100 మైక్రోలీటర్లు, అంటే ఆ సీసాలో అటువంటి బొట్లు వెయ్యి ఉంటాయి. వాటిలో మహా అయితే పదింటిలో ఒక్కో క్రిమి ఉంటుంది, మిగిలిన 990 బొట్లు శుభ్రంగా ఉంటాయి. సెన్సర్ ఎంత గొప్పదైనా, ఒక్క క్రిమిని కూడా గుర్తించగలిగినదైనా, నేరుగా బొట్టు వేసి చూస్తే నూటికి తొంభై తొమ్మిది సార్లు నీళ్ళు మంచివనే చెబుతుంది; ఆ బొట్టు వరకు అది చెప్పినది నిజం కూడా.

క్రిమి బొట్టులోకి వచ్చిందనే అనుకుందాం. అది ఎలక్ట్రోడ్ దాకా చేరాలి. షిగెల్లా, క్లెబ్సియెల్లా వంటి ఈదలేని బ్యాక్టీరియా నిశ్చలంగా ఉన్న నీటిలో కేవలం విసరణ (నీటి అణువుల తాకిడికి దానంతటది కదలడం) మీద ఆధారపడి ఒక మిల్లీమీటరు దూరం పోవాలంటే రోజులు పడుతుంది. అందుకే ప్రతిరక్షకాలు (క్రిమిని గుర్తుపట్టి అతుక్కొనే యాంటీబాడీలు) తొడిగిన అయస్కాంత పూసలను నమూనాలో కలిపి, క్రిములు వాటికి అంటుకున్నాక అయస్కాంతంతో ఒక చోటికి లాగుతారు. ప్రయోగశాలలో ఇది చక్కగా పనిచేస్తుంది. వార్తల్లోని "పది నిమిషాలు" ఈ పనిని లెక్కలోకి తీసుకున్నట్టు నాకు చాలా అరుదుగా కనిపించింది.

ఎలక్ట్రోడ్ మీద జరిగేది మాత్రం నిజంగా అందమైన విషయం. మేము ఎక్కువగా వాడేది ఇంపిడెన్స్ పద్ధతి, అంటే ఏకాంతర విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డంకిని కొలిచే పద్ధతి. బంగారు ఉపరితలం మీద గంధక బంధంతో ఒక సన్నని అణువుల పొరను పేర్చి, దానికి ఇ. కోలిని పట్టుకొనే ప్రతిరక్షకాలను అతికిస్తాము. ఖాళీగా మిగిలిన చోట్ల మరేదీ అంటుకోకుండా పశువుల సీరం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌తో కప్పుతాము. ఆపైన పొటాషియం ఫెర్రిసయనైడ్, ఫెర్రోసయనైడ్ ద్రావణాన్ని పోసి, కొద్ది మిల్లీవోల్టుల ఏకాంతర వోల్టేజీని హెచ్చు పౌనఃపున్యం నుంచి తక్కువ పౌనఃపున్యం దాకా మారుస్తూ ప్రవాహాన్ని కొలిస్తే, తెర మీద ఒక అర్ధవృత్తం ఏర్పడుతుంది. దాని వ్యాసం ఆవేశ బదిలీ నిరోధాన్ని, అంటే ద్రావణానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య ఎలక్ట్రాన్ల రాకపోకలకు ఉన్న అడ్డంకిని తెలుపుతుంది. క్రిమి వచ్చి అతుక్కున్నప్పుడు దాని పొర ఎలక్ట్రాన్లకు అడ్డుపడుతుంది, పైగా దాని ఉపరితలం మీది రుణావేశం రుణావేశమే ఉన్న ఫెర్రిసయనైడ్‌ను వెనక్కి నెడుతుంది. నిరోధం పెరిగి అర్ధవృత్తం పెద్దదవుతుంది. శుద్ధమైన బఫర్ ద్రావణంలో (ఆమ్లత మారకుండా ఉంచే ప్రయోగశాల ద్రవంలో) ఈ మార్పును మొదటిసారి చూసే విద్యార్థి ముఖంలో కలిగే సంతోషాన్ని నేను ఏనాడూ తగ్గించి మాట్లాడను.

వానాకాలంలో చెరువు నీళ్ళు తెచ్చి పోసిన రోజున ఆ సంతోషం నిలవదు. బంకమన్ను రేణువులు, కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలు, నాచు విడిచిన జిగురు ఎలక్ట్రోడ్‌కు అతుక్కొని క్రిమి చేసే పనే చేస్తాయి, అర్ధవృత్తాన్ని పెంచుతాయి. ఎలక్ట్రోడ్‌కు ఏది అంటుకున్నదో తెలియదు, ఏదో అంటుకున్నదని మాత్రమే తెలుస్తుంది. ప్రతిరక్షకం లేని మరో ఎలక్ట్రోడ్‌ను పక్కనే ఉంచి తేడాను లెక్కించడం కొంతవరకు సాయపడుతుంది. అందుకే బఫర్‌లో మాత్రమే పరీక్షించిన సెన్సర్ గురించి చదివినప్పుడు, గుర్తింపు పరిమితి (అది పసిగట్టగల అతి తక్కువ క్రిముల సంఖ్య) ఎంత తక్కువగా రాసినా, నేను దానిని సగం పనిగానే లెక్కవేస్తాను.

మరో చిక్కు క్లోరిన్ వల్ల వస్తుంది. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపిన తరువాత క్రిములు చస్తాయి కాని మాయం కావు. ప్రతిరక్షకం చచ్చిన క్రిమిని కూడా పట్టుకుంటుంది, డీఎన్ఏ పరీక్ష కూడా చాలావరకు అంతే. శుద్ధి సరిగ్గా జరిగిన నీటిని చెడ్డ నీరని ప్రకటిస్తే నష్టం తక్కువేమీ కాదు, జనం పక్కనున్న వ్యవసాయ బావి నీళ్ళు తాగడం మొదలుపెడతారు. ఇక్కడ బ్యాక్టీరియోఫేజులు అక్కరకు వస్తాయి. బ్యాక్టీరియాలో చొరబడి పెరిగే ఈ వైరస్‌లకు బతికి ఉన్న క్రిమి కావాలి, ఎందుకంటే చచ్చినదానిలో అవి సంతతిని పెంచుకోలేవు; అవి పెరిగాయంటే క్రిమి బతికి ఉన్నట్టే. 1896లో ఎర్నెస్ట్ హాంకిన్ గంగా యమునల నీటిలో కలరా క్రిములను చంపే గుణాన్ని గమనించినది మన దేశంలోనే. ఫేజులను 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ వర్ణించిన తరువాత ఆ గుణానికి ఇవే కారణమై ఉంటాయని భావించారు. ఎండలు నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో, చాలా ప్రతిరక్షకాలకు ఫ్రిజ్ తప్పనిసరి కాగా, ఫేజులలో కొన్ని అంతకంటే మొండిగా నిలుస్తాయి.

నీటి పరీక్ష వరకు నాకు ఆశ కలిగిస్తున్నది ఇంతకంటే సాదాసీదా మార్గం. 100 మిల్లీలీటర్ల నీటిని 0.45 మైక్రాన్ల పొర గుండా వడగట్టి, ఆ పొరను కొద్దిపాటి పోషక ద్రవంలో వేసి వెచ్చగా ఉంచాలి. ఇ. కోలి దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మొదట్లో సర్దుకోవడానికి పట్టే సమయాన్ని పక్కన పెడితే, ఒక్క క్రిమి ఏడు గంటల్లో 21 సార్లు రెట్టింపై ఇరవై లక్షలు దాటుతుంది. ఆ ద్రవంలో అమైనోఫినైల్ గెలాక్టోసైడ్‌ను కలిపితే, కోలిఫారంల (ఇ. కోలి, దాని బంధువుల) గెలాక్టోసిడేజ్ ఎంజైము దానిని విడగొట్టి అమైనోఫినాల్‌ను విడుదల చేస్తుంది. దానిని మామూలు కార్బన్ ఎలక్ట్రోడ్ తేలికగా ఆక్సీకరించి కొలుస్తుంది. చచ్చిన క్రిమి పెరగదు కనుక లెక్కలోకి రాదు. బ్యాక్టీరియా పెరిగినకొద్దీ మాధ్యమపు విద్యుద్వాహకత మారుతుందని జి. ఎన్. స్టీవర్ట్ 1899లోనే రాశారు, కాబట్టి ఆలోచన పాతదే. పొద్దున తీసిన నమూనాకు సాయంత్రానికి జవాబు వస్తుంది. పది నిమిషాల ముందు ఎనిమిది గంటలు చిన్నబోతాయేమో కాని, మేడారంలో ఆ రాత్రి ఏ ట్యాంకును మూయాలో తేల్చడానికి అవి చాలు.

నేరుగా బొట్టు వేసి చూడగలిగే చోటు మరొకటి ఉంది, అది మూత్రం. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు చాలాకాలంగా పాటిస్తున్న హద్దు మిల్లీలీటరుకు లక్ష క్రిములు, అంటే మా 100 మైక్రోలీటర్ల బొట్టులోనే పదివేలు. వడపోత అక్కరలేదు. టైఫాయిడ్ సంగతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: రోగి రక్తంలో మిల్లీలీటరుకు ఒక క్రిమి ఉండటమే తరచుగా గగనం. మన వీధి ల్యాబుల్లో 1896 నాటి వైడాల్ పరీక్ష ఇప్పటికీ నడుస్తున్నదంటే అందుకు ఇదీ ఒక కారణం. ఆ పరీక్ష క్రిమిని వెదకదు, శరీరంలో పుట్టిన ప్రతిరక్షకాలను చూస్తుంది. టైఫాయిడ్ తరచుగా వచ్చే ప్రాంతాల్లో పాత ప్రతిరక్షకాల వల్ల, వేరే జ్వరాల వల్ల కూడా పాజిటివ్ వస్తుంది. ఆ పాజిటివ్‌ను చూసి సెలైన్ ఎక్కించుకున్నవారు ప్రతి వాడలోనూ కనిపిస్తారు. ఒక బొట్టు రక్తంతో టైఫాయిడ్ క్రిమిని నేరుగా పట్టే ఎలక్ట్రోడ్ గురించి ఎవరైనా చెబితే, ముందు ఎన్ని మిల్లీలీటర్ల రక్తం తీశారో అడగండి.

అందుకే ఈ ఏడాది మా పనిని మూత్ర నమూనాల వైపు మళ్ళించాము. ఒకే నమూనాను పక్కపక్కనున్న రెండు చిన్న అరల్లో పోసి, ఒకదానిలో మాత్రమే యాంటీబయాటిక్ కలిపి, రెండింటిలోనూ ఎలక్ట్రోడ్ సంకేతం ఎలా పెరుగుతున్నదో గమనిస్తున్నాము. మందు ఉన్న అరలో పెరుగుదల ఆగితే క్రిమి ఆ మందుకు లొంగినట్టు, రెండూ సమానంగా పెరిగితే డాక్టరు వేరే మందు రాయవలసి ఉన్నట్టు. ప్రతి నమూనాను కల్చర్ ఫలితంతో పోల్చి చూడటం పూర్తయ్యే వరకు దానికి ఎన్ని నిమిషాలు పడుతుందో పత్రికలకు చెప్పకూడదని విద్యార్థులతో ముందే అనుకున్నాము.