దేవరకొండ నుంచి చర్లపల్లి దాకా

పీడీ యాక్ట్ (కోర్టు విచారణ లేకుండానే మనిషిని ముందస్తుగా జైల్లో ఉంచే తెలంగాణ నిర్బంధ చట్టం) మీద డాక్యుమెంటరీ తీద్దామని కూర్చున్నప్పుడు నాకూ, కెమెరా పట్టే నా మిత్రుడికీ ముందు వచ్చిన సందేహం, అసలు ఏం చూపించాలని. విచారణే ఉండదు కాబట్టి వాదనలుండవు, సాక్షులుండరు. ఒక అధికారి సంతకం చేసిన ఆర్డరు, దాని వెనక కట్టెడు కాగితాలు, జైల్లో ఒక మనిషి. జైలు లోపలికి కెమెరా రానివ్వరు. అందుకని ఆ మనిషిని చూడటానికి ఇంటివాళ్లు చేసే ప్రయాణం వెంట వెళ్దామనుకున్నాం. మాకు నిర్మాత లేడు, చేతి డబ్బులే. ఆర్టీసీ బస్సులో వెళ్లడానికి అవి చాలు.

దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి మాతో ఒక తల్లి, ఆమె కోడలు బయల్దేరారు. పేర్లు చెప్పనని, మొహాలు చూపించనని మాటిచ్చాను. కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడిపేవాడు. చైన్ స్నాచింగ్ కేసులు పెట్టారు. అన్నిట్లోనూ బెయిల్ వచ్చింది. ఇక ఇంటికి వస్తాడనుకుంటుండగా, ఇంకా లోపల ఉండగానే పీడీ ఆర్డరు చేతికిచ్చారు.

మల్లేపల్లి దాటాక రోడ్డుకు అటూ ఇటూ బత్తాయి తోటలు. తల్లి ఒళ్లో బట్టల దుకాణం కవరు, అందులో ఆర్డరు జిరాక్సులు. ఆమె చదువుకోలేదు. కానీ ఏ కాగితం ఎక్కడుందో తెలుసు. వకీలు ఏది అడిగితే అది చూడకుండానే తీసిస్తుందని కోడలు చెప్పింది. మావాడు ఆమె చేతుల్నే చిత్రీకరించాడు. ఇబ్రహీంపట్నం దగ్గర పడేదాకా మాట్లాడుతూనే ఉంది.

"దొంగతనం చేసిండో లేదో కోర్టు చెప్పాలె గద బిడ్డా. చేసిండని తేలితే శిక్ష ఎయ్యమను, మేం కాదంటలేం. ఎప్పుడొస్తడని అడిగితే ఒక్కలు చెప్తలేరు."

ఆమె అడిగింది న్యాయమైన మాట. ఈ చట్టం 1986 నాటిది. దొంగసారా వ్యాపారులు, బందిపోట్లు, మత్తుమందుల నేరస్థులు, గూండాలు, భూకబ్జాదారుల కోసం తెచ్చారు. తర్వాత సవరణలతో జాబితా పెంచుతూ పోయారు. జరిగిన నేరానికి శిక్ష వేయడం కాదు, ముందు ముందు చేస్తాడేమోనని ఆపడం దీని ఉద్దేశం. గరిష్ఠంగా పన్నెండు నెలలు ఉంచవచ్చు. ఒకసారి మిరప విత్తనాలు నకిలీవంటూ ఒక వ్యాపారి మీద ఈ చట్టమే పెడితే, అలాంటివాటికి వేరే చట్టాలున్నాయి కదా అని 2017లో సుప్రీంకోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది.

ఎల్బీ నగర్‌లో దిగి, ఇంకో బస్సులో ఈసీఐఎల్ చేరి, అక్కడి నుంచి ఆటోలో చర్లపల్లి. జైలు బయట మాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. ఆధార్ జిరాక్సులు, టిఫిన్ డబ్బాలు, ఏడ్చే పిల్లలు. ములాఖత్‌కు పేరు రాయించి తల్లి, కోడలు లోపలికెళ్లారు. మేం రోడ్డు అవతల చెట్టు కింద కూర్చుని శబ్దాలు రికార్డ్ చేసుకున్నాం. పక్కనే నిలబడ్డ ఒక పెద్దాయన మా మైకు చూసి, "పీడీ కేసా?" అని అడిగాడు. వాళ్ల అల్లుడిదీ అదేనట. ఏ నెలలో ఏ కాగితం రావాలో ఆయన మాకు వివరంగా చెప్పాడు. ఐదు రోజుల్లో కారణాలు ఇవ్వాలి, పన్నెండు రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి, మూడు వారాల్లో సలహా మండలికి, అంటే నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే మండలికి, పంపాలి. తర్వాత చట్టం తీసి చూస్తే ఒక్కటీ తప్పు లేదు. ఇంట్లో ఒకరు లోపలుంటే మిగతావాళ్లకు ఇవన్నీ నోటికొచ్చేస్తాయి.

బయటికొచ్చాక తల్లి సలహా మండలి సంగతి చెప్పింది. కొడుకును వాళ్ల ముందు నిలబెట్టారు, అడిగినవాటికి తోచింది చెప్పాడు, వకీలు మాత్రం పక్కన లేడు. అక్కడికి వకీలును తెచ్చుకునే హక్కు నిర్బంధంలో ఉన్న మనిషికి లేదని చట్టంలోనే రాసి ఉంది. ఆ వాక్యం నేను ముందే చదివాను. ఆమె నోటి నుంచి విన్నప్పుడు మాత్రం ఒళ్లు మండింది. తాళి తెంచుకుపోయాడని కేసు నడిస్తే, స్తోమత లేనివాడికి కోర్టే వకీలును ఇస్తుంది. ఏ కేసూ నడపకుండా ఏడాది లోపల పెట్టే చోట మనిషి ఒంటరిగా మాట్లాడుకోవాలి.

వాళ్లను ఎల్బీ నగర్‌లో బస్సెక్కించి మేం వనస్థలిపురం వెళ్లాం. అతని మీద పెట్టిన కేసుల్లో ఒకదానిలో గొలుసు పోయిన ఆవిడ అక్కడుంటుంది. ఆవిడ మాట లేకుండా ఈ సినిమా తీయకూడదని మొదటి నుంచీ అనుకున్నాం. మెడ మీద గీత ఇంకా పోలేదు. సాయంత్రం పూట ఒంటరిగా పాలప్యాకెట్‌కు కూడా వెళ్లడం మానేశానంది. మమ్మల్ని అనుమానంగానే చూసింది, అది సహజం. చాలాసేపటికి అసలు మాట బయటికొచ్చింది.

"అతనో కాదో గుర్తుపట్టి చెప్తానని స్టేషన్‌లో చెప్పానండీ. కోర్టుకు పిలుస్తారని ఇన్నాళ్ల నుంచి చూస్తున్నా. జైల్లోనే ఉన్నాడుగా, మీకేం భయం అంటున్నారు. నా గొలుసు సంగతేంటి మరి?"

నాకు ఆ ప్రయాణమంతటిలో తేటగా అర్థమైంది అక్కడే. నిందితుడి తల్లి బస్సులో అడిగిందీ, బాధితురాలు తన వరండాలో అడిగిందీ ఒకే విచారణ.

మర్నాడు మూసీ ఒడ్డున హైకోర్టు దగ్గర వకీలును కలిశాం. అతని నిర్బంధం చెల్లదంటూ హెబియస్ కార్పస్ రిట్ వేసింది ఆయనే. 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మూడు వృత్తాల్ని క్యాంటీన్ బల్ల మీద కాగితం పెట్టి గీసి చూపించాడు. పెద్దది శాంతిభద్రతలు, దాని లోపలిది పబ్లిక్ ఆర్డర్ (ఒకరిద్దరిది కాక జనజీవనం మొత్తం దెబ్బతినే సంగతి), అన్నిటికంటే చిన్నది రాజ్య భద్రత. నేరం పెద్ద వృత్తంలోనే ఆగి, లోపలివాటిని తాకకపోతే మామూలు చట్టం చాలు, ముందస్తు నిర్బంధం పెట్టకూడదు. బెయిల్ వచ్చిందంటే, దాన్ని రద్దు చేయించుకోవడానికి పై కోర్టుకు పోవాలి గానీ ఇలా దారి మార్చకూడదు. ఇదే మాట సుప్రీంకోర్టు తెలంగాణకు 2022లో చెప్పింది. 2023లో అమీనా బేగం కేసులో ఇంకా గట్టిగా మందలించింది. 2024 మార్చిలో చైన్ స్నాచింగ్ కేసుల మీద పెట్టిన ఆర్డరు కొట్టేస్తూ, సలహా మండలి రబ్బరు స్టాంపులా ఉండకూడదంది.

"మరి ఇన్ని తీర్పులున్నాక కూడా ఎలా సార్?" అన్నాను.

"ఒక్కో మనిషి విడిగా రిట్ వేసుకోవాల్సిందే. వేసి, నంబరై, వాదనకొచ్చేసరికి నెలలు పోతాయి. మనం గెలిచేది చివరి నెలల్ని మాత్రమే," అన్నాడాయన.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెల రోజులకే, 1950 ఫిబ్రవరిలో, ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉండి దాన్ని సవాలు చేశాడు. 1947 డిసెంబరు నుంచీ ఆయన లోపలే ఉన్నాడు. 1950 మే నెలలో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందంది. రాజ్యాంగంలోని 22వ అధికరణం ఈ నిర్బంధానికి చోటిచ్చింది కాబట్టి ఏ పార్టీ ప్రభుత్వమొచ్చినా ఈ తాళంచెవి చేతికందుతూనే ఉంది. మన సినిమాలో ఈ చరిత్ర రెండు నిమిషాలకు మించకూడదని మావాడి పట్టు. నేను ఐదు నిమిషాలు కావాలన్నాను. ఇంకా తేలలేదు.

హైకోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది. అప్పటికి పన్నెండు నెలల్లో ఎక్కువ భాగం అయిపోయింది. అతను ఊరికొచ్చాడని తల్లి ఫోన్ చేస్తే, ఆ సినిమా ఇక పూర్తయినట్టేనా అని అడిగారు స్నేహితులు. కాలేదు. గొలుసు కేసు ఇంకా విచారణకే రాలేదు. వాయిదాలకు అతను దేవరకొండ నుంచి వచ్చి పోతున్నాడు. వనస్థలిపురం ఆవిడకు సమన్లు అందితే చెప్పమని మా నంబరు ఇచ్చాం. సాక్షి బోనులో ఆవిడ చెప్పే మాట, దానికి అతని తరఫున వకీలు అడిగే ప్రశ్నలు అయ్యేదాకా ఎడిటింగ్ మొదలుపెట్టం.